ఇంగ్లండ్‌లో క్రయోనిక్స్ కోరుకున్న మనిషికి చట్టం ఎంతవరకు అండగా ఉంటుంది?

ప్రశ్న: మా తమ్ముడు లెస్టర్‌లో ఉంటున్నాడు. ఎప్పటికైనా మళ్ళీ బతికించే రోజు వస్తుందన్న ఆశతో, చనిపోయాక తన శరీరాన్ని అతిశీతలంలో భద్రపరచమని అమెరికాలోని ఒక క్రయోనిక్స్ సంస్థలో సభ్యత్వం తీసుకున్నాడు. మరదలికి ఇష్టం లేదు. నాన్నగారైతే దహనం చేసి అస్థికలు కృష్ణలో కలపాల్సిందే అంటున్నారు. ఇంగ్లండ్ చట్టం దీనికి ఒప్పుకుంటుందా? ఒప్పుకున్నా, ఎవరైనా అడ్డుపడితే వాడి మాట చెల్లుతుందా? ట్యాంకులో పెట్టాక పట్టించుకునేది ఎవరు? నన్ను ఎగ్జిక్యూటర్‌గా, అంటే తన వీలునామాను అమలుచేసే వ్యక్తిగా ఉండమంటున్నాడు. విజయవాడలో ఉండే నేను ఆ పని చేయగలనా?

జవాబు:

మీ తమ్ముడు కోరుకున్నది ఇంగ్లండ్‌లో నేరం కాదు. అలాగని ఆ కోరికను కాపాడే చట్టమూ లేదు. ఆయన కన్నుమూసిన క్షణంలో ఆ శరీరాన్ని అధీనంలోకి తీసుకునే హక్కు ఎవరిదన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. సభ్యత్వం, ఒప్పందం, ఇన్సూరెన్స్ అన్నీ దాని తర్వాతే. నేను ఇంగ్లండ్‌లో వీలునామాలు, ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ఇచ్చే ఆమోదం) పనులు చూసే సాలిసిటర్‌ని, అంటే న్యాయవాదిని. క్రయోనిక్స్ పనిచేస్తుందా లేదా అన్న చర్చలోకి వెళ్ళను. చివరి కోరిక తెలిసి కూడా దాన్ని నెరవేర్చే దారి వేసిపెట్టకపోవడం వల్ల కుటుంబాలు ఎంత నలిగిపోతాయో తెలుసు కాబట్టి వివరంగా రాస్తున్నాను. చెప్పేదంతా ఇంగ్లండ్, వేల్స్ చట్టం గురించి. స్కాట్లండ్ చట్టం వేరు.

నేరం ఎందుకు కాదో ముందు చెబుతాను. శవాన్ని పూడ్చాలి, లేదా కాల్చాలి, మూడోది కుదరదు అనే నియమం ఇక్కడ లేదు. 1884లో వేల్స్‌లోని లాంట్రిసెంట్‌లో విలియం ప్రైస్ అనే వృద్ధ వైద్యుడు చనిపోయిన తన పసిబిడ్డను కొండమీద దహనం చేయబోతే పట్టుకుని కేసు పెట్టారు. అప్పటికి దహనం గురించి ఇక్కడ చట్టమే లేదు. కార్డిఫ్‌లో విచారణ జరిపిన జస్టిస్ స్టీఫెన్, చుట్టుపక్కల జనానికి ఇబ్బంది కలగనంతవరకు దహనం నేరం కాదన్నారు. దహనాల చట్టం 1902లో వచ్చింది. మనవాళ్ళు ఇక్కడ దహన సంస్కారం చేసుకోగలుగుతున్న దారి ఆ తీర్పుతోనే తెరుచుకుంది. 2010లో న్యూకాసిల్‌కు చెందిన ఒక హిందూ పెద్దాయన, సంప్రదాయ చితి మీద, సూర్యకాంతి పడేచోట తన దహనం జరగాలని పోరాడితే, పైకప్పు తెరిచి ఉన్న కట్టడం కూడా 1902 చట్టం చెప్పే 'భవనం' కిందికి రావచ్చని అప్పీల్ కోర్టు ఒప్పుకుంది. నిషేధం లేనిచోట చోటివ్వడం ఇక్కడి కోర్టులకు పాత అలవాటు.

ఫ్రాన్స్‌లో ఇలా కాదు. అక్కడ ఖననం, దహనం తప్ప వేరే దారి లేదు. మార్టినో అనే వైద్యుడు 1984లో చనిపోయిన భార్యను తన భవనం నేలమాళిగలో ఫ్రీజర్‌లో ఉంచాడు. 2002లో ఆయన పోయాక కొడుకు ఆయన్నీ అందులోనే ఉంచాడు. అది కుదరదని 2006 జనవరిలో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం తేల్చింది. కొద్దికాలానికే ఫ్రీజర్ చెడిపోయిందని తెలియడంతో ఇద్దరినీ దహనం చేశారు.

ఇప్పుడు అసలు చిక్కు. ఇంగ్లండ్ చట్టంలో శవం ఎవరి ఆస్తీ కాదు. ఆస్తి కాదు కాబట్టి, 'నా శరీరాన్ని ఫలానాలా చేయండి' అని వీలునామాలో రాసినా ఆ మాటకు చట్టబలం లేదు. 1882 నాటి విలియమ్స్ కేసు ఇందుకు మూలం. ఒకాయన తన శరీరాన్ని దహనం చేయించమని ఒక స్నేహితురాలికి అప్పగించి, ఖర్చు తన ఎస్టేట్ (తాను వదిలివెళ్ళే మొత్తం ఆస్తి) నుంచి ఇవ్వాలని రాశాడు. ఎగ్జిక్యూటర్లు అదేమీ పట్టించుకోకుండా పూడ్చేశారు. ఆమె వేరేచోట పూడుస్తామని అనుమతి తీసుకుని శవాన్ని తవ్వించి, ఇటలీలోని మిలాన్ తీసుకెళ్ళి దహనం చేయించింది. ఆయన మాట నిలబెట్టింది. ఖర్చు ఇమ్మని అడిగితే మాత్రం కోర్టు కాదంది. శరీరాన్ని ఏం చేయాలో నిర్ణయించే బాధ్యత ఎగ్జిక్యూటర్లది, చనిపోయినవారి ఆదేశం వాళ్ళను కట్టడి చేయదు అన్నది ఆ తీర్పు. సుమారు నూట నలభై ఏళ్ళుగా అదే నిలబడి ఉంది. మానవ హక్కుల చట్టం వచ్చాక, చనిపోయినవారి కోరికకు తగిన విలువ ఇవ్వాలని 2008లో ప్రెస్టన్ కరోనర్ (అసహజ మరణాలను విచారించే అధికారి) కేసులో హైకోర్టు అంది. విలువ ఇవ్వాలన్నదే కానీ తప్పక పాటించాలని కాదు.

కాబట్టి ఎగ్జిక్యూటర్ ఎవరన్నదే కీలకం. వీలునామా ఉంటే ఎగ్జిక్యూటర్‌కు అధికారం ప్రాణం పోయిన క్షణం నుంచే ఉంటుంది, ప్రొబేట్ కాగితం చేతికి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. వీలునామా లేకపోతే ఎస్టేట్ చూసుకునే హక్కులో మొదటి స్థానం భార్యది. అంటే ఈరోజు మీ తమ్ముడు వీలునామా రాయకుండా పోతే నిర్ణయం మీ మరదలి చేతిలో ఉంటుంది, ఆమె దహనం చేయించినా చట్టం తప్పుపట్టదు. అమెరికా సంస్థ ఒప్పందం చూపించి శరీరాన్ని ఇప్పించమని ఇక్కడి కోర్టును అడగడం చాలా కష్టం. అమెరికాలో పరిస్థితి కొంత వేరు. అక్కడ చాలామంది తమ శరీరాన్ని దేహదానంగా సంస్థకు రాసి ఇస్తారు. అయోవా రాష్ట్రంలో ఒకాయన అలా రాసి ఇచ్చాక, 2009లో ఆయన చనిపోతే తోబుట్టువులు పూడ్చేశారు. మరుసటి ఏడు అప్పీల్ కోర్టు శవాన్ని తవ్వి తీసి సంస్థకు ఇవ్వడానికి సహకరించాలని వాళ్ళను ఆదేశించింది. ఇంగ్లండ్‌లో దేహదానం అంటే లైసెన్స్ ఉన్న సంస్థలో శరీరశాస్త్ర అధ్యయనానికి ఇవ్వడమే. క్రయోనిక్స్ దాంట్లో ఇమడదు.

ఇక్కడి చట్టం ఏ తీరులో ఉందో బాగా తెలియాలంటే 2016 నాటి కేసు చూడాలి. హైకోర్టు ఫ్యామిలీ డివిజన్‌లో జస్టిస్ పీటర్ జాక్సన్ దాన్ని విన్నారు. పద్నాలుగేళ్ళ అమ్మాయి, అరుదైన క్యాన్సర్. తీర్పులో జెఎస్ అన్న అక్షరాలే వాడారు, పేరు బయటపెట్టలేదు. బతకనని ఆమెకు తెలుసు. చివరి నెలల్లో ఇంటర్నెట్‌లో క్రయోనిక్స్ గురించి చదివి, ఎన్ని వందల ఏళ్ళకైనా సరే తనకు ఒక అవకాశం కావాలని జడ్జికి ఉత్తరం రాసింది. తల్లి ఒప్పుకుంది. తల్లి తరఫు తాతయ్య, అమ్మమ్మ సుమారు 37,000 పౌండ్లు సమకూర్చారు. ఎన్నో ఏళ్ళుగా దూరంగా ఉన్న తండ్రి మొదట వద్దన్నాడు, తర్వాత షరతులతో మెత్తబడ్డాడు.

సమస్య ఏమిటంటే, పద్దెనిమిది నిండనివారు ఇక్కడ వీలునామా రాయలేరు. 1837 నాటి చట్టం అది. వీలునామా లేదు కాబట్టి ఆమె పోయాక తల్లికీ తండ్రికీ సమాన హక్కు. ఇద్దరూ కోర్టులో వాదించుకునేలోపు ఆ శరీరంలో కాపాడడానికి ఏమీ మిగలదు. జడ్జి ఆసుపత్రికి వెళ్ళి ఆమెను స్వయంగా చూశారు. ఆమె బతికి ఉండగానే ఆదేశాలిచ్చారు. తల్లి ఏర్పాట్లు కొనసాగించవచ్చు, తండ్రి అందులో జోక్యం చేసుకోకూడదు, అమ్మాయి పోయాక 1981 సీనియర్ కోర్ట్స్ చట్టం 116వ సెక్షన్ కింద తల్లి ఒక్కరే ఆమె ఎస్టేట్ నిర్వాహకురాలు. అక్టోబర్ 6న విచారణ జరిగింది, 17న అమ్మాయి చనిపోయింది. తన కోరిక నెరవేరుతుందని తెలిసే పోయింది. శరీరాన్ని అమెరికా తరలించారు. కారణాలతో కూడిన తీర్పు నవంబర్‌లో బయటికొచ్చింది.

ఈ తీర్పు క్రయోనిక్స్‌కు హక్కు ఇచ్చిందని చాలామంది రాశారు. అది సరికాదు. క్రయోనిక్స్ మంచిదా, చెడ్డదా, సైన్స్ ఉందా లేదా అన్నది తన ముందున్న ప్రశ్న కాదని జడ్జి స్పష్టంగా చెప్పారు. ఆయన తేల్చింది తల్లిదండ్రుల్లో ఆ బాధ్యత ఎవరిదన్న గొడవను. చనిపోయినవారి కోరికకు బరువుంది కానీ అదే తుదిమాట కాదన్న పాత సూత్రాన్నే ఆయన పాటించారు. ఈ కేసు మీ తమ్ముడికి నేర్పే పాఠం ఒకటే. మైనర్ కాబట్టి ఆ అమ్మాయికి కోర్టు తప్ప దిక్కు లేదు. మీ తమ్ముడు సంతకం చేయగల వయసులో ఉన్నాడు. కోర్టుతో పని లేకుండా అదే రక్షణ ఒక సరైన వీలునామాతో వస్తుంది.

అదే తీర్పులో ఆసుపత్రి వాళ్ళ బాధ కూడా నమోదైంది. ఇక్కడ ఇంగ్లండ్‌లో శరీరాన్ని చల్లబరిచి విమానానికి సిద్ధం చేసే పని ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తలే చేస్తారు. ఆరోజు వచ్చిన బృందానికి సరైన పరికరాలు లేవనీ, పద్ధతి లేదనీ, బిడ్డ చివరి రోజున తల్లి మనసు ఈ ఏర్పాట్ల మీదే ఉండిపోయిందనీ ఆసుపత్రి రాసింది. చదివినప్పుడల్లా గుండె బరువెక్కే పేరా అది. ఇది ఈ దేశంలో జరిగేదైతే దీనికి సరైన నియంత్రణ ఉండాలేమో ప్రభుత్వం ఆలోచించాలని జడ్జి సూచించారు. ఇన్నేళ్ళు గడిచినా ఆ నియంత్రణ రాలేదు.

ఎందుకు రాలేదంటే, క్రయోనిక్స్ ఏ చట్టం గడపలోనూ పడదు. 2004 హ్యూమన్ టిష్యూ చట్టం ఉంది. బ్రిస్టల్, ఆల్డర్ హే ఆసుపత్రుల్లో చనిపోయిన పిల్లల అవయవాలను తల్లిదండ్రులకు చెప్పకుండా ఉంచేసుకున్న ఘోరం బయటపడ్డాక వచ్చిన చట్టం. సమ్మతి దాని ప్రాణం. కానీ ఆ చట్టంలో ఒక పట్టిక ఉంది. శరీరశాస్త్ర అధ్యయనం, పరిశోధన, అవయవ మార్పిడి, మరణ కారణం తెలుసుకోవడం, ప్రదర్శన లాంటి పనులకు శరీరాన్ని గానీ కణజాలాన్ని గానీ ఉంచుకుంటేనే అది వర్తిస్తుంది. 'మళ్ళీ లేస్తాడన్న ఆశతో భద్రపరచడం' ఆ పట్టికలో లేదు. అందుకే ఆ చట్టం అమలు చూసే హ్యూమన్ టిష్యూ అథారిటీ క్రయోనిక్స్ తన నియంత్రణలో లేదని చెప్పింది. అవయవ మార్పిడి కోసమైతే, సమ్మతి సంగతి తేలేదాకా ఆసుపత్రి శరీరాన్ని కాపాడేందుకు కనీస చర్యలు తీసుకోవచ్చని అదే చట్టం 43వ సెక్షన్ చెబుతుంది. క్రయోనిక్స్‌కు అలాంటి వెసులుబాటు లేదు.

ముందే డబ్బు కట్టే అంత్యక్రియల ప్లాన్లను 2022 జులై 29 నుంచి ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ అయిన ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ నియంత్రిస్తోంది. అది బ్రిటన్‌లో జరిగే అంత్యక్రియలకే. శరీరాన్ని అమెరికా పంపే ఒప్పందానికి ఆ రక్షణ రాదు.

చివరి రోజు దగ్గరికి వద్దాం. ఇక్కడ మరణానికి చట్టంలో నిర్వచనం లేదు, వైద్యుల కోడ్‌నే కోర్టులు ఒప్పుకుంటాయి. గుండె, ఊపిరి ఆగాక కనీసం అయిదు నిమిషాలు గమనించి మరణాన్ని ధ్రువీకరిస్తారు. అంతకు ముందు ఎవరు చల్లబరచడం మొదలుపెట్టినా, మందు ఎక్కించినా అది హత్య కేసు దాకా వెళ్ళగల విషయం. ఇందులో మినహాయింపు లేదు. బతికి ఉండగా రాసే ముందస్తు నిర్ణయపత్రంతో చికిత్స వద్దనవచ్చు కానీ ఫలానాది చేసి తీరాలని ఆసుపత్రిని శాసించలేం. ఆరోగ్య విషయాల్లో మన తరఫున నిర్ణయించే అధికారాన్ని ఇంకొకరికి ఇచ్చే లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ అనే పత్రం ప్రాణంతోనే పోతుంది. అది చేతిలో ఉంది కదా, తర్వాత అదే పనికొస్తుందని చాలామంది పొరబడతారు. వార్డులోకి శరీరాన్ని చల్లబరచడానికి సిద్ధంగా ఉండే స్టాండ్‌బై బృందాన్ని రానివ్వాలన్న బాధ్యత ఆసుపత్రికి లేదు. అందుకే జబ్బు ముదిరే ముందే ఆసుపత్రితోనో, చివరి దశ రోగుల్ని చూసుకునే హాస్పిస్‌తోనో మాట్లాడి లిఖితపూర్వకంగా ఒప్పించుకోవాలి.

అన్నిటికంటే పెద్ద భయం కరోనర్. హఠాత్తుగా పోయినా, కారణం తెలియకపోయినా, ప్రమాదం జరిగినా 2009 చట్టం ప్రకారం కరోనర్ దర్యాప్తు చేయాలి. శరీరం ఆయన విడిచేదాకా ఆయన అధీనంలోనే ఉంటుంది, ఎగ్జిక్యూటర్ మాట అక్కడ చెల్లదు. పోస్టుమార్టంలో మెదడును కోస్తే క్రయోనిక్స్‌కు అర్థమే ఉండదు. కోత లేకుండా స్కాన్‌తో సరిపెట్టమని అడగొచ్చు. 2015లో ఒక యూదు కుటుంబం కేసులో, మతపరమైన అభ్యంతరం ఉన్నప్పుడు స్కాన్ దారిని కరోనర్ ఆలోచించాల్సిందేనని హైకోర్టు తేల్చింది. 2018లో, అందరినీ వరసగానే చూస్తాం, మతం కోసం ఎవరినీ ముందుకు జరపం అన్న లండన్ కరోనర్ విధానాన్ని చట్టవిరుద్ధమంటూ కొట్టేసింది. మతం కాని గాఢ విశ్వాసాలకు కూడా మానవ హక్కుల చట్టం 9వ అధికరణం వర్తిస్తుంది కాబట్టి క్రయోనిక్స్ నమ్మేవారు ఆ వాదన చేయొచ్చు. గెలుస్తారన్న హామీ నేను ఇవ్వలేను. శరీరాన్ని ఇంగ్లండ్, వేల్స్ దాటించాలంటే కరోనర్‌కు నోటీసు ఇవ్వడం తప్పనిసరి. మామూలుగా నాలుగు పూర్తి రోజులు ఆగాలి. కరోనర్ తలచుకుంటే ముందే వదలొచ్చు. ఈలోపు శరీరాన్ని డ్రై ఐస్‌లో, సుమారు మైనస్ 79 డిగ్రీల వద్ద ఉంచుతారు.

మీ మూడో ప్రశ్న నన్ను ఎక్కువగా కలవరపెట్టేది. ట్యాంకులో పెట్టాక రక్షణ ఎవరు?

1960ల్లో కాలిఫోర్నియాలో మొదలైన క్రయోనిక్స్ సంఘం ఒకటి 1970లో చాట్స్‌వర్త్‌లోని శ్మశానంలో నేలమాళిగ ఏర్పాటు చేసి శరీరాలను ద్రవ నైట్రోజన్‌లో ఉంచింది. డబ్బు ఆగిపోయింది, నైట్రోజన్ ఆగిపోయింది, లోపలున్న తొమ్మిదిమంది దేహాలు కుళ్ళిపోయాయి. 1979లో సంగతి బయటపడింది. కుటుంబాలు కేసు వేసి గెలిచాయి. పోయినవారికి దాంతో ఒరిగిందేమీ లేదు. ఆ తర్వాత సంస్థలు చాలా నేర్చుకున్నాయి. ఆ తొలి రోజుల్లో, 1967 జనవరిలో భద్రపరిచిన జేమ్స్ బెడ్‌ఫోర్డ్ శరీరం ఇప్పటికీ ఆరిజోనాలో ఉంది. మిషిగన్ రాష్ట్రం తన పరిధిలోని క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్‌ను 2004లో శ్మశానాల నిబంధనల కిందికి తెచ్చింది. అప్పట్లో అది కనీసం ఒక పర్యవేక్షణ. కానీ ఒక్కసారి విమానం ఎక్కాక మీ తమ్ముడి శరీరం ఆ రాష్ట్రపు చట్టం కిందికి వెళ్తుంది. ఇంగ్లండ్ కోర్టు చేయి అక్కడిదాకా చాచలేదు.

అదే ట్యాంకు ఇంగ్లండ్‌లో ఉంటే? ఇక్కడే చట్టంలోని లోటు బట్టబయలవుతుంది. బ్రిస్టల్‌లో ఆరుగురు క్యాన్సర్ రోగులు కీమో ముందు తమ వీర్యాన్ని ఆసుపత్రిలో దాచుకున్నారు. 2003లో ట్యాంకులో నైట్రోజన్ తగ్గిపోయి అదంతా కరిగిపోయింది. 2009లో అప్పీల్ కోర్టు, ఆ నమూనాలు వాళ్ళ ఆస్తే, వాటిని దాచిపెడతామని తీసుకున్న ఆసుపత్రికి జాగ్రత్తగా చూసే బాధ్యత ఉంది, పరిహారం అడగొచ్చు అంది. అందుకు కారణం, అవి ఆ మనుషుల శరీరం నుంచి వచ్చాయి, తర్వాత తామే వాడుకోవాలని దాచుకున్నారు. మీ తమ్ముడి ఉద్దేశం కూడా అదే కదా, తర్వాత తానే వాడుకోవాలని. కానీ చట్టం దృష్టిలో ఆయన లేడు. లేని మనిషి యజమాని కాలేడు, కేసు వేయలేడు.

శరీరం మీద నైపుణ్యంతో పనిచేసి మార్పు తెస్తే అది ఆస్తి అవుతుందన్న పాత మినహాయింపు ఒకటుంది. ఆస్ట్రేలియాలో 1908 నాటి తీర్పు నుంచి వచ్చింది. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ నుంచి భద్రపరిచిన శరీర భాగాలను తీసుకుపోయిన ఒక శిల్పి దొంగతనం కేసులో దోషే అన్న నిర్ణయాన్ని 1998లో అప్పీల్ కోర్టు ఆ సూత్రం మీదే సమర్థించింది. క్రయోనిక్స్‌కూ ఇది వర్తిస్తుందని కొందరు సంతోషిస్తారు. జాగ్రత్తగా చూడండి. ఆ సూత్రం ప్రకారం హక్కు పనిచేసిన వాళ్ళకు, అంటే సంస్థకు వెళ్తుంది. కుటుంబానికి కాదు, మీ తమ్ముడికి అసలే కాదు. అది దొంగల్ని ఆపుతుందేమో గానీ, సంస్థ నిర్లక్ష్యం నుంచి ఆయన్ని కాపాడదు.

సంస్థ దివాలా తీస్తే? 1984 ప్రజారోగ్య చట్టం 46వ సెక్షన్ ప్రకారం, ఎవరూ తగిన ఏర్పాట్లు చేయని శవాన్ని స్థానిక కౌన్సిల్ పూడ్చాలి లేదా దహనం చేయాలి. దహనం చనిపోయినవారి ఇష్టానికి విరుద్ధమని తెలిస్తే దహనం చేయకూడదు, పూడ్చాలి. అతిశీతలంలో పడుకున్న మనిషికి బ్రిటన్ పార్లమెంటు రాసిన చట్టం ఇచ్చే రక్షణ అంతవరకే: కాల్చకుండా పూడుస్తారు.

దీని పక్కన, సంతాన చికిత్స కోసం నిల్వ ఉంచే పిండాన్ని (ఎంబ్రియో) పెట్టి చూడండి. మైనస్ 196 డిగ్రీల వద్ద ఉన్న కొన్ని కణాల పిండానికి 1990 చట్టం ఉంది, లైసెన్స్ ఉంది, తనిఖీలున్నాయి, రాతపూర్వక సమ్మతి ఉంది. 2022 జులై నుంచి పదేళ్ళకోసారి సమ్మతిని కొత్తగా తీసుకుంటూ 55 ఏళ్ళ దాకా ఉంచవచ్చు. అదే చలిలో ఉన్న పూర్తి మనిషికి ఇవేవీ లేవు. ఆయన తిరిగి లేస్తాడని చట్టం నమ్మనక్కర్లేదు. డబ్బు తీసుకుని ఒక మాట ఇచ్చినవాళ్ళు ఆ మాట మీద నిలబడుతున్నారో లేదో చూస్తే చాలు. లైసెన్స్ ఉండాలి, డబ్బు సంస్థ ఖర్చులతో కలవకుండా విడిగా నిల్వ ఉండాలి, సంస్థ మూతబడితే శరీరాలు ఎక్కడికి వెళ్తాయో ముందే రాసిపెట్టాలి, సాక్షుల ముందు సమ్మతి తీసుకోవాలి. అంత్యక్రియల చట్టాలను లా కమిషన్ ఇప్పుడు కొత్తగా పరిశీలిస్తోంది. మనిషి చివరి కోరికకు చట్టబలం ఉండాలా అన్నదీ ఆ పనిలో భాగమే. అక్కడైనా ఈ లోటు పూడాలని గట్టిగా కోరుకుంటున్నాను.

డబ్బు సంగతి. 'నా శరీరం నిర్వహణకు ఈ సొమ్ము ఎప్పటికీ వాడండి' అని ఇక్కడ ట్రస్టు పెడితే అది చెల్లదు. ట్రస్టుకు కోర్టులో నిలబడి అడగగల లబ్ధిదారుడు ఉండాలి. సమాధుల నిర్వహణకు మినహాయింపు ఉన్నా అది మామూలుగా 21 ఏళ్ళకే. లబ్ధిదారులున్న ట్రస్టు అయినా, ట్రస్టుల కాలపరిమితి గురించిన 2009 చట్టం ప్రకారం 125 ఏళ్ళు దాటకూడదు. అందుకే ఎక్కువమంది జీవిత బీమా పాలసీ తీసి, ఆ సొమ్ము నేరుగా సంస్థకు చేరేలా రాస్తారు. క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్ పూర్తి శరీరానికి జీవితకాల సభ్యులకు చాలాకాలంగా ప్రకటిస్తూ వచ్చిన ధర 28,000 డాలర్లు. ఇంగ్లండ్‌లో సిద్ధం చేయడం, తరలింపు దానికి అదనం. పాలసీని ఎస్టేట్ బయట ఉంచడం ముఖ్యం. లేకపోతే భార్యాపిల్లలు తమకు తగినంత రాలేదని 1975 చట్టం కింద కోర్టుకెళ్తే ఆ సొమ్మూ గొడవలో పడుతుంది. ఆ హక్కు మీ మరదలికి న్యాయంగా ఉంది. ఆమెకు ముందుగా తగినంత ఏర్పాటు చేయమని మీ తమ్ముడికి చెప్పండి. ఆమె భయాల్లో సగం ఇల్లు, పిల్లల చదువు గురించే అయ్యుండొచ్చు. అవి తీరితే రెండో సగం మాట్లాడడం తేలికవుతుంది.

నాన్నగారి విషయం చట్టంతో తేలేది కాదు. ఎగ్జిక్యూటర్ పేరు ఉన్నంతవరకు తండ్రికి చట్టపరంగా అడ్డుకునే హక్కు లేదు. కానీ కొడుకు అస్థికలు చేతికి రాని తండ్రి బాధ చిన్నది కాదు. శరీరం లేకుండా ఏ కర్మ ఎలా చేయాలో మీ పురోహితుడిని ఇప్పుడే అడిగి ఉంచండి. ఆ జవాబు నాన్నగారికి మీ తమ్ముడి నోటి నుంచే తెలియాలి.

మీరు ఎగ్జిక్యూటర్‌గా ఉండొచ్చా అంటే, చట్టం అభ్యంతరం చెప్పదు, విదేశంలో ఉన్నవారూ ఉండొచ్చు. అయితే మీరొక్కరే ఉండొద్దని నా సలహా. చనిపోయిన మొదటి గంటలోనే ఆసుపత్రికి కాగితం చూపించాలి, కరోనర్ ఆఫీసుతో మాట్లాడాలి, బృందాన్ని లోపలికి పంపించాలి. విజయవాడ నుంచి ఫోన్‌లో ఆ పని జరగదు. ఇంగ్లండ్‌లో ఉండే, ఈ కోరికను మనస్ఫూర్తిగా ఒప్పుకునే స్నేహితుడినో సాలిసిటర్‌నో మొదటి ఎగ్జిక్యూటర్‌గా, మిమ్మల్ని రెండోవారిగా పెట్టమనండి. మరదలిని ఈ బాధ్యతలోకి లాగొద్దు, ఇష్టం లేని పని ఆమె చేత చేయించడం ఇద్దరికీ అన్యాయం. ప్రొబేట్ పొందినవారిలో చివరిగా మిగిలిన ఎగ్జిక్యూటర్ కూడా వీలునామా రాసి తన ఎగ్జిక్యూటర్‌ను నియమిస్తే, ఆ రెండో వ్యక్తి ప్రొబేట్ తీసుకోగానే మొదటి ఎస్టేట్ బాధ్యత కూడా అతనికి చేరుతుంది. 1925 చట్టం కల్పించిన ఈ గొలుసు ఒక్కటే, మీ తరం తర్వాత కూడా ఆ సంస్థను ఉత్తరం రాసి అడిగే మనిషిని మిగులుస్తుంది. మధ్యలో ఒక్కరు వీలునామా రాయకుండా పోయినా గొలుసు తెగుతుంది.

ఇంకో రెండు మాటలు మీ తమ్ముడికి చేరవేయండి. ఇంగ్లండ్‌లో పెళ్ళి చేసుకుంటే పాత వీలునామా రద్దవుతుంది. పెళ్ళికి ముందు రాసినది ఏదైనా ఉంటే దాన్ని నమ్ముకోవద్దు. ఇండియాకు సెలవులకు వచ్చినప్పుడు ఏదైనా జరిగితే ఇంగ్లండ్ కాగితాలు హైదరాబాద్ ఆసుపత్రిలో ఎవరినీ కట్టడి చేయలేవు. అందుకని ప్రయాణాల్లో ఏం చేయాలన్నది సంస్థతో విడిగా రాయించుకుని, ఒక కాపీ మీ దగ్గర ఉంచమనండి.